గడప ముందుకు వచ్చిన కుర్రవాళ్ళను తరిమే ముందు

ఆరేళ్ళ కిందటి మాట. మా పక్క మండలంలోని ఒక గ్రామంలో ఇద్దరు కుర్రవాళ్ళు ఇంటింటికీ తిరిగి మత సంబంధమైన కరపత్రాలు పంచుతున్నారనీ, గ్రామస్తులు వారిని పట్టుకున్నారనీ కబురు వస్తే వార్త కోసం పోయాను. నేను చేరేసరికి ఆ ఇద్దరినీ పంచాయతీ ఆఫీసు వరండాలో కింద కూర్చోబెట్టారు. చుట్టూ నూరు మంది దాకా జనం. కుర్రవాళ్ళ చేతిసంచులు లాక్కుని, కాగితాలన్నీ కుప్పపోసి నిప్పు పెట్టారు. ఒక పెద్దమనిషి వారిలో ఒకని చెంప మీద కొట్టాడు. వద్దన్నవారు లేరు. నేనూ అనలేదు. సాయంత్రం పోలీసులు వచ్చి ఇద్దరినీ జీపులో తీసుకుపోయారు.

మర్నాడు ఈ విలేఖరి పంపిన వార్త నాలుగు వాక్యాల్లో అచ్చయింది. “మత ప్రచారకుల అడ్డగింత - గ్రామంలో ఉద్రిక్తత” అని శీర్షిక. ఆ నాలుగు వాక్యాల్లో కుర్రవాళ్ళ పేర్లు లేవు. ఏ ఊరి వారో లేదు. ఏ సంఘం వారో లేదు. పొద్దటి నుంచి వారు మంచినీళ్ళైనా తాగారో లేదో అసలే లేదు. నేను అడగలేదు గనుక లేదు.

ఆ సంగతి మళ్ళీ ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మొన్న సంక్రాంతికి మా చుట్టాల ఇంట్లో ఒక కుర్రవాడు కలిశాడు. వారి తాత దేవరకొండ వైపు నుంచి మేస్త్రీ పనికని హైదరాబాదు వలసపోయిన మనిషి. తల్లిదండ్రులు అక్కడే స్థిరపడ్డారు. కుర్రవానికి ఇప్పుడు ఇరవై మూడేళ్ళు. పంతొమ్మిదో ఏట ఇల్లు విడిచి, రెండేళ్ళు రాజమండ్రి ప్రాంతంలో మత ప్రచారకుడుగా తిరిగి వచ్చాడు. మార్మన్లు అని లోకమంతా పిలిచే సంఘం వారిది. తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు, జేబు మీద నల్ల పేరు బిళ్ళ, ఎప్పుడు చూసినా ఇద్దరిద్దరుగా నడిచే కుర్రవాళ్ళను పట్నం పోయిన మన వాళ్ళు చూసే ఉంటారు. నేను పేపరు మనిషినని తెలిసి, ఆ రాత్రి చలిమంట దగ్గర కూర్చుని తన రెండేళ్ళ కథ అంతా చెప్పాడు. వింటున్నంతసేపూ నా కళ్ళకు ఆ పంచాయతీ వరండాయే కనబడింది.

ఎవరీ మార్మన్లు?

పాఠకులకు ముందు నాలుగు ముక్కలు చెప్పాలి. అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రంలో 1830లో జోసెఫ్ స్మిత్ అనే యువకుడు ఈ సంఘాన్ని స్థాపించాడు. బైబిలుతో పాటు మార్మన్ గ్రంథం అనే మరో పుస్తకాన్ని కూడా వీరు పవిత్రంగా భావిస్తారు. అందువల్లనే తక్కిన క్రైస్తవ సంఘాలలో చాలా మంది వీరిని తమవారిగా ఒప్పుకోరు. సంఘం అసలు పేరు యేసుక్రీస్తు కడవరి దినాల పరిశుద్ధుల సంఘం. మార్మన్లు అనవద్దు, పూర్తి పేరుతోనే పిలవండి అని 2018లో వారి అధ్యక్షుడు కోరాడు కూడాను. అయినా ఊళ్ళో అలవాటైన పేరు ఒక పట్టాన పోదు గదా.

మొదట్లో అమెరికాలోనే వీరిని బతకనివ్వలేదు. 1838లో మిస్సోరీ గవర్నరు వీరిని రాష్ట్రం నుంచి వెళ్ళగొట్టమని ఉత్తరువు ఇచ్చాడు. 1844లో జోసెఫ్ స్మిత్ జైల్లో ఉండగానే ఒక గుంపు లోపలికి చొరబడి కాల్చి చంపింది. మిగిలిన వారు బండ్లు కట్టుకుని పడమటికి పోయి, 1847లో ఉప్పునీటి చెరువు ఒకటి ఉన్న ఎడారిలో ఊరు కట్టుకున్నారు. అదే సాల్ట్ లేక్ సిటీ. దెబ్బలు తిన్నవారంతా దేవతలని కాదు. 1857లో అదే మార్మన్ల సాయుధ దళం దారిన పోయే వలస కుటుంబాలను అడ్డగించి 120 మంది దాకా చంపింది. పెక్కు పెండ్లిళ్ళ ఆచారం వారిలో 1890 దాకా బాహాటంగా సాగింది. నల్లజాతి వారికి యాజకత్వం 1978 దాకా ఇవ్వలేదు. మంచీ చెడూ రెండూ చెప్పుకోవాలి గనుక చెబుతున్నాను.

తెలుగు నేలకు ఈ సంఘం వచ్చిన తీరు చిత్రమైనది. తెచ్చింది అమెరికా దొరలు కాదు. ఎడ్విన్ ధర్మరాజు అనే తెలుగు శాస్త్రవేత్త ఉద్యోగరీత్యా పసిఫిక్ సముద్రంలోని సమోవా దీవుల్లో ఉండగా కుటుంబంతో సహా ఈ సంఘంలో చేరాడు. 1978 డిసెంబరులో ఆ దంపతులు హైదరాబాదు వచ్చి తమ బంధువర్గానికే మొదట బోధించారు. మార్మన్ గ్రంథంలోని ఎంపిక చేసిన భాగాలు 1982లో తెలుగులో వెలువడ్డాయి. 1993లో బెంగుళూరు కేంద్రంగా ప్రచార విభాగం ఏర్పడింది. 2012 మేలో హైదరాబాదులో ‘స్టేకు’ ఏర్పడింది. అంటే కొన్ని స్థానిక సంఘాలు కలిసిన పెద్ద సంఘం. మన దేశంలో అటువంటిది అదే మొదటిది. ఇంత జరిగినా దేశం మొత్తం మీద వీరి సంఖ్య వేలల్లోనే గాని లక్షల్లో లేదు.

వారంలో ఏడు రోజులు

ఇక ఆ కుర్రవాడు చెప్పిన వారం సంగతి వినండి.

ఏ ఊరికి పోవాలో తాను కోరుకునే వీలు లేదు. సంఘం పంపిన చోటికి పోవలసిందే. మగపిల్లలకు రెండేళ్ళు, ఆడపిల్లలకు ఏడాదిన్నర. జీతం లేదు. ఖర్చు తామో, ఇంటివారో, చాలకపోతే సంఘంలోని వారో పెట్టుకోవాలి. మీసాలు సరిగా రాని పిల్లవాణ్ణి కూడా ‘ఎల్డర్’ అంటారు. అంటే పెద్ద అని అర్థం. “నా పేరు పక్కన ఆ మాట చూస్తే నాకే నవ్వొచ్చేది అన్నా. మా ఇంట్ల నేనే అందరికన్న చిన్నోణ్ణి” అన్నాడు.

పొద్దున ఆరున్నరకు లేవాలి. అరగంట వ్యాయామం. స్నానం, టిఫిన్, ప్రార్థన. తరువాత ఒక్కడే కూర్చుని చదువు, జతగానితో కలిసి చదువు. పది గంటల ప్రాంతంలో బయటపడితే, మధ్యాహ్నం భోజనం మినహాయిస్తే రాత్రి తొమ్మిది దాకా రోడ్డు మీదనే. పదిన్నరకు దీపం ఆర్పాలి. ఈ జతగాడు అన్నవాడు ముఖ్యం. ఇరవై నాలుగు గంటలూ ఇద్దరూ ఒకరి కంటికి ఒకరు కనిపించేంత దూరంలో ఉండాలి. జతను సంఘమే కడుతుంది. కొన్ని వారాలకో నెలలకో మారుస్తుంది. మన వాని మొదటి జతగాడు ఈశాన్య రాష్ట్రాల పిల్లవాడట. అతనికి తెలుగు రాదు, మన వానికి అతని మాట రాదు. ఇద్దరికీ వచ్చిన ఇంగ్లీషు కూడా అంతంత మాత్రమే. “మొదటి నెల మేం కొట్లాడుకోవాలన్నా భాష లేకపోయె” అన్నాడు.

సోమవారం సొంత పనుల రోజు. బట్టలు ఉతుక్కోవడం, క్షవరం, అంగడికి పోయి కూరగాయలు తెచ్చుకోవడం, ఇంటికి ఫోను. ఈ ఫోను మాట మీద కాస్త ఆగాలి. 2019 ఫిబ్రవరి దాకా ఇంటికి ఫోను ఏడాదికి రెండు మార్లే. మిగతా వారాల్లో ఉత్తరమో, ఈ-మెయిలో. ఆ నెల నుంచి వారానికొకసారి మాట్లాడుకోవచ్చని నియమం సడలించారు. హైదరాబాదులో అతని తల్లి సోమవారం నాడు ఇళ్ళలో పనికి పోయినా కొంగున ఫోను కట్టుకుని తిరిగేదట.

మంగళవారం నుంచి శనివారం దాకా ఇళ్ళ సందర్శన. చుట్టుపక్కల ప్రచారకులంతా వారానికొకసారి ఒకచోట కూడి, ఏ ఇంటికి పోవాలి, ఎవరు రమ్మన్నారు, ఎవరు వద్దన్నారు అని చర్చించుకుంటారు. కొన్ని గంటలు ఊరి పనికి కేటాయించాలి. ఎవరిదైనా సామాను మోయడం, ముసలివారికి నీళ్ళు తెచ్చిపెట్టడం, చెత్త ఎత్తడం వంటివి. ఆదివారం ఆరాధన. రొట్టె, నీళ్ళు పంచుతారు. ద్రాక్షారసం ఉండదు. నెలలో ఒక ఆదివారం రెండు పూటలు పస్తుండి, ఆ కూటికయ్యే డబ్బు బీదల నిధికి ఇవ్వాలి.

సారా, కల్లు, బీడీ, సిగరెట్టు సరే, చాయ్, కాఫీ కూడా వీరు ముట్టరు. తెలుగునాట ఇదే అన్నిటికన్నా పెద్ద కష్టమట. “దేవుని గురించి మాట్లాడొద్దు అంటే ఊకున్న. కని చాయ్ వద్దంటే మా ఇంట్ల తాగవా అని మొఖం మాడ్చుకునేటోళ్ళు. వాళ్ళకు కులం గుర్తుకొచ్చేది అన్నా. నాకు గుర్తుకొచ్చిందని వాళ్ళు అనుకునేటోళ్ళు” అన్నాడు. మన గడపల్లో ఒక గ్లాసెడు చాయ్ ఎంత బరువుంటుందో ఈ ఒక్క మాటలో ఉన్నది.

ఒక వీధిలో ఒక ముసలమ్మ రోజూ పిలిచి మజ్జిగ ఇచ్చేదట. బోధ మొదలుపెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టి, “మీ దేవుడు మీకు, మా దేవుడు మాకు. ఎండన పడి వచ్చిన్రు, ముందు తాగండి” అని గోదావరి యాసలో అనేదట. దాన్ని మన వాడు మన యాసలో చెప్పాడు. రెండేళ్ళలో ఆమె ఒక్క ముక్క వినలేదు. ఒక్క పూట మజ్జిగ మానలేదు. “ఎంత మందిని చేర్చినవ్?” అని అడిగాను. చేతి వేళ్ళు చూపించాడు. “తలుపులేసినోళ్ళను లెక్కపెడితే మన ఊరి చింతచెట్టు ఆకులు చాలవు” అన్నాడు.

మానని పుండు

ఇదంతా చెప్పి ఆ జీవితం చాలా గొప్పదని నేను అనబోవడం లేదు. ఈ కుర్రవాడు అక్కడ ఉండగా అతని నాయనమ్మ ఊళ్ళో చనిపోయింది. ఆమె ఎత్తుకుని పెంచిన మనుమడు అతడే. రావచ్చునో రాకూడదో తేల్చుకోలేక, చివరకు రాకూడదని తానే నిర్ణయించుకున్నాడు. దహనం ఫోనులో చూశాడు. దినాలకూ రాలేదు. “అడిగితే పంపేటోళ్ళేమో. నేనే అడగలే. అప్పుడు అదే గొప్ప అనుకున్న” అన్నాడు. వాళ్ళ చిన్నాయన ఈనాటికీ అతనితో సరిగా మాట్లాడడు. ఆ రాత్రి మంట దగ్గర కూడా దూరంగానే కూర్చున్నాడు.

పంతొమ్మిదేళ్ళ పిల్లలకు ఇంత కట్టుబాటు మంచిదా అన్నది ఆ సంఘం వారే ఆలోచించుకోవాలి. అందరూ రెండేళ్ళు నిలువలేరు. జబ్బు చేసో, మనసు చెడో మధ్యలో వచ్చేసిన పిల్లలు తలెత్తుకోలేక బాధపడడం ఆ సంఘంలో తెలిసిన విషయమే. రెండవ పక్కన, చెప్పిన వేళకు లేవడం, తన బట్టలు తాను ఉతుక్కోవడం, నచ్చని జతగానితో తగువు లేకుండా బతకడం, రోజుకు ఇరవై తలుపులు మూసుకుపోయినా ఇరవై ఒకటో తలుపు నవ్వుతూ తట్టడం, ఇవన్నీ ఆ పిల్లవానికి వచ్చాయి. మన ఊళ్ళల్లో డిగ్రీ పాసై పాన్‌డబ్బా దగ్గర పొద్దు గడిపే పిల్లలను చూసిన కంటికి ఇది చిన్న విషయంగా తోచదు.

ఆ తల్లి సోమవారం ఫోను కోసం చూసిన చూపు మనకు కొత్తదేమీ కాదు. పాలమూరు జిల్లా తల్లులకు అది తరతరాలుగా తెలుసు. బొంబాయి పోయిన కొడుకు, డ్యాముల మీద మట్టి మోయబోయిన భర్త, దుబాయి పోయిన అల్లుడు, అందరి కోసం చూసిన చూపే అది. మనం వరండాలో కూర్చోబెట్టిన ఆ ఇద్దరికీ ఎక్కడో ఒకచోట అటువంటి తల్లి ఉండే ఉంటుంది.

గ్రామస్తుల ఆక్షేపణలు

మత ప్రచారకులంటే మన గ్రామాల్లో కోపం ఎందుకు వస్తుందో నాకు తెలియనిది కాదు. ఆ కోపాన్ని ఊరకనే తప్పు పట్టను. ఒక్కొక్కటీ చూద్దాం.

మొదటిది, ఆశ పెట్టి మారుస్తారన్నది. ఎక్కడైనా జరిగితే అది ముమ్మాటికీ తప్పే. అయితే చరిత్ర అంతా ఒక్క తీరుగా లేదు. 1876-78 కరువులో ఒంగోలు ప్రాంతంలో క్లౌ దొర బకింగ్‌హాం కాలువ పని గుత్తకు తీసుకుని ఆకలిగొన్న జనానికి కూలి ఇప్పించాడు. కూటి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు సాయం జరుగుతున్నంత కాలం బాప్తిస్మాలు నిలిపివేశాడు. కరువు తీరిన తరువాత 1878 జూలై 3న ఒక్కరోజునే 2,222 మంది చేరారు. అంటే ఆ జనం వెతికింది కూడు ఒక్కటే కాదు, మనిషిగా చూసే చోటు కూడా.

మన జిల్లాలకు కూడా ఈ సంగతి కొత్త కాదు. నల్లగొండకు 1890 ప్రాంతంలో వచ్చిన ఫ్రీసెన్ దంపతులు రష్యా దేశం వారు. నాగర్‌కర్నూలు, దేవరకొండ, వనపర్తి, గద్వాల వైపు మెన్నొనైట్ బ్రదరన్ సంఘం వారు పనిచేశారు. వారిలో కేథరీనా షెల్లెన్‌బర్గ్ అనే డాక్టరమ్మ 1907లో వచ్చి, 1945లో షంషాబాదులో చనిపోయే దాకా ఈ ప్రాంతపు రోగులకే బతుకు ధారపోసింది. జడ్చర్ల మిషన్ ఆస్పత్రిలో కాన్పు జరిగిన తల్లులు అన్ని కులాల్లోనూ ఉన్నారు. ఆ సంఘం ఇంట్లోనే 1932లో షంషాబాదులో పుట్టిన పాల్ హీబర్ట్ తరువాత పేరుమోసిన సామాజిక శాస్త్రజ్ఞుడై, పాలమూరు జిల్లాలోని కొండూరు గ్రామం మీద 1971లో ఒక పుస్తకం రాశాడు. మనలను మార్చవచ్చిన వారి బిడ్డ మనలను చదువుకోవడానికి కూర్చున్నాడన్న మాట.

రెండవ ఆక్షేపణ, ఊరు చీలుతుందని. బతుకమ్మకు రాడు, బోనానికి రాడు, చావుకు వస్తే పాటలు వేరే అని. ఈ బాధ నిజమైనది. అన్నదమ్ముల మధ్య గోడ లేచిన ఇళ్ళు నేనూ చూశాను. కానీ మన ఊళ్ళు ఎన్నడూ ఒక్క దేవునితో బతికినవి కావు. పీర్లు లేస్తే అలావా చుట్టూ ఆడేది ఎవరు? జాన్‌పహాడ్ దర్గా ఉర్సుకు బండ్లు కట్టుకుని పోయేది ఎవరు? ఇన్ని కలుపుకున్న ఊరు, ఇద్దరు కుర్రవాళ్ళు చేతికిచ్చిన కాగితానికి చీలిపోతుందంటే, చీలిక అంతకు ముందే ఉన్నదన్న మాట.

ఆ చీలిక ఏమిటో కూడా చెప్పుకుందాం. మత ప్రచారకుల మాట ఎక్కువగా వినేది ఏ వాడలో? పాలమూరు కురుమూర్తి జాతరలో దళితులు కుట్టిన ఉద్దాలను అన్ని కులాల వారూ నెత్తిన పెట్టుకుని మొక్కుతారు. కుట్టిన మనిషిని ఎంత మంది ఇంట్లో పక్కన కూర్చోబెట్టుకున్నారు? బయటివాడు వచ్చి ఆ వాడలో నులకమంచం మీద కూర్చుని, వాళ్ళ చెంబుతో నీళ్ళు తాగుతాడు. ఆ పని మనం చేసి ఉంటే వాని కరపత్రానికి అంత విలువ వచ్చేదా? నూరేండ్ల నుంచి ఈ ప్రశ్న మన ముందు ఉన్నది. కాగితాలకు నిప్పు పెట్టినంత మాత్రాన అది కాలిపోదు.

తెలుసుకోవలసిన చట్టం

మూడవది అన్నిటికన్నా ముఖ్యం. ఇది నేను ప్రచారకులకూ చెబుతున్నాను, గ్రామస్తులకూ చెబుతున్నాను.

రాజ్యాంగం 25వ అధికరణం ప్రకారం తన మతాన్ని ఆచరించే, ప్రచారం చేసే హక్కు ప్రతివారికీ ఉన్నది. శాంతిభద్రతలకు, నీతికి, ఆరోగ్యానికి లోబడి ఉండాలి. ప్రచారం చేసే హక్కు ఉన్నంత మాత్రాన ఎదుటివాణ్ణి మార్చే హక్కు ఉన్నట్లు కాదని 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే చెప్పవచ్చు, బలవంతం, మోసం కూడదు. వినవచ్చు, వినకపోవచ్చు. కొట్టే హక్కు మాత్రం ఏ అధికరణంలోనూ లేదు.

రిజర్వేషన్ల సంగతి వేరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా హిందువులకు, తరువాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు మాత్రమే వర్తిస్తుంది. క్రైస్తవంలోకి మారిన షెడ్యూల్డు కులాల వారు మన రాష్ట్రంలో బి.సి. - సి కిందికి వస్తారు. అక్కడ ఉన్నది ఒక్క శాతమే. షెడ్యూల్డు తెగల వారికి, అంటే మన లంబాడీలు, చెంచుల వంటి వారికి, ఈ మతం నిబంధన లేదు. ఈ విషయం మీద పరిశీలనకు 2022 అక్టోబరులో కేంద్రం బాలకృష్ణన్ కమిషన్‌ను వేసింది.

ఇంతటి ముఖ్య విషయాన్ని ఇంటికి వచ్చి స్వర్గం గురించి చెప్పే వారిలో ఎంత మంది చెబుతున్నారు? కొడుకు సీటు, బిడ్డ ఉద్యోగం దీని మీద ఆధారపడి ఉంటాయి. మారాలనుకునేవాడు లాభనష్టాలు తెలిసి మారాలి. అది చెప్పకపోవడం మోసం కిందికే వస్తుందని నా అభిప్రాయం. ఆ కుర్రవాణ్ణి ఇదే అడిగాను. తల వంచుకుని, “కొందరికి చెప్పినం. అందరికీ చెప్పలే” అన్నాడు. నిజం చెప్పినందుకు మెచ్చుకున్నాను. చెప్పనందుకు తప్పు పట్టాను.

ఎవరేం చేయాలి

ప్రచారకులకు నా మనవి. వచ్చినప్పుడు ముందు పేరు, ఊరు, సంఘం పేరు చెప్పండి. వద్దంటే మర్యాదగా కదలండి. ఇంటి యజమాని దేవుళ్ళను దూషించకండి. రోగిష్టి మంచం దగ్గర, ఆకలి ఇంట్లో మతం మాట ఎత్తకండి, సాయం మాత్రం చేసి పొండి. తల్లిదండ్రుల ఎదుట తప్ప పిల్లలతో మాట్లాడకండి. పెళ్ళయిన వారికి భార్యాభర్తల పరస్పర సమ్మతి లేకుండా బాప్తిస్మం ఇవ్వకూడదన్నది మార్మన్ల నియమమని ఆ కుర్రవాడు చెప్పాడు. అది అన్ని సంఘాల వారూ పాటించదగినది. విదేశీయులైతే ప్రచారానికి వేరే వీసా ఉంటుంది, విహారయాత్ర వీసాతో వచ్చి బోధించడం చట్ట విరుద్ధం.

సర్పంచులకు, గ్రామ పెద్దలకు నా మనవి. అనుమానం ఉంటే 112కు ఫోను చేయండి. పోలీసులు వచ్చే దాకా ఆ మనుషులను నీడన కూర్చోబెట్టండి, నీళ్ళివ్వండి. చేయి చేసుకోనివ్వకండి. వచ్చినవాడు తప్పు చేసి ఉంటే చట్టం చూసుకుంటుంది. మీరు కొడితే తప్పు మీది అవుతుంది, వాడు అమాయకుడవుతాడు.

సామాన్య గ్రామస్తులకు చెప్పవలసింది పెద్దగా లేదు. ఆ గోదావరి ముసలమ్మ ఏ బడిలోనూ చదువుకుని ఉండదు. ఆమె మతం మారలేదు. మర్యాద మానలేదు. తన దేవుని మీద నమ్మకం గట్టిగా ఉన్నవారికి పరాయి కాగితం చూసి భయం పుట్టదు.

ఇక మిగిలింది మా విలేఖరులు. ఆ రాత్రి మంట ఆరబోతుండగా కుర్రవాడు మరో సంగతి చెప్పాడు. ఒకనాడు ఒక వీధిలో వీరిద్దరినీ పది మంది చుట్టుముట్టారట. జతగాని కళ్ళద్దాలు పగలగొట్టారు. అప్పుడు ఒక ఆటో డ్రైవరు వచ్చి, “పిల్లల్ని కొడతారేంట్రా” అని అరిచి, ఇద్దరినీ ఆటోలో ఎక్కించుకుని వారి గది దాకా దింపాడు. పేరు అడిగితే చెప్పలేదు. కిరాయి ఇస్తే తీసుకోలేదు. ఇది చెప్పి, “అన్నా, నువ్వు పేపరోనివి గదా. అట్లాంటిది నీ ముంగట జరిగితే ఏం చేస్తవ్?” అని అడిగాడు.

నేను జవాబు చెప్పలేదు. కట్టె ఒకటి తీసి మంటలోకి తోశాను. అతనికి చెప్పలేనిది పాఠకులకు ఇప్పుడు చెబుతున్నాను. నా ముంగట జరిగింది. నేను నిలబడి చూశాను, కాగితం మీద నాలుగు ముక్కలు గీసుకున్నాను, ఇంటికి వచ్చి అన్నం తిన్నాను.

పోయిన నెల మళ్ళీ ఆ గ్రామానికి పోయి అడిగాను. ఆ ఇద్దరి పేర్లు ఎవరికీ గుర్తు లేవు. కొట్టిన పెద్దమనిషి, “ఎప్పటి ముచ్చటో ఇప్పుడెందుకు సారూ” అన్నాడు. పంచాయతీ వరండాకు కొత్త సున్నం వేశారు. కాగితాలు తగలబెట్టిన చోట బండలు పరిచారు. మార్మన్లో, మరొకరో, ఏ సంఘం వారో ఈనాటికీ నాకు తెలియదు. ఏ సంఘం వారైనా తేడా ఏమీ లేదు.

ఈసారి ఎవరైనా మన గడప ముందుకు వస్తే, రానిద్దామా పొమ్మందామా అన్నది మన ఇష్టం. కానీ దానికి ముందు ఒక్క పని చేద్దాం. ఏ ఊరు బిడ్డా, నీ పేరేంది అని అడుగుదాం. నేను ఆనాడు అడగవలసిన మాట అంతే.